ఎక్కడో చేసిన భాగం ఇక్కడెలా అమరుతుంది?

పత్తికొండ చుట్టుపక్కల టమాటా, వేరుశనగ చేలకు నీళ్లు తోడే బోరు మోటారు చెడితే, కొత్త భాగం తెచ్చి బిగిస్తారు. ఎక్కడో తయారైన ఆ భాగం ఇక్కడ ఎలా సరిపోతుంది?

ఏ యంత్రమూ ప్రతిసారీ ఒకే కొలత ఇవ్వలేదు. అందుకే కొలతకు రెండు హద్దులు పెడతారు; కొలత వాటి మధ్య ఉంటే, భాగం ఎక్కడ చేసినా అమరుతుంది. ఒక రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు అనుకుందాం. దాన్ని లిమిట్ గేజ్‌తో పరీక్షిస్తారు. ఇది రెండు కొసలున్న గట్టి ఉక్కు కడ్డీ. 25.000 కొలతున్న ‘గో’ కొస రంధ్రంలో దూరాలి. 25.021 కొలతున్న ‘నో గో’ కొస దూరకూడదు. ‘గో’ దూరకపోతే రంధ్రం చిన్నది; ‘నో గో’ దూరితే పెద్దది.

అంకెలు చదవక్కర్లేదు, క్షణాల్లో తేలిపోతుంది. అయితే వాడేకొద్దీ గేజ్ కూడా అరుగుతుంది. కాబట్టి దాన్నీ అప్పుడప్పుడు పరీక్షించాల్సిందే.