కరెంటు కేంద్రం పోయింది, మిల్లులైనా మిగలాలి

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ గట్టున నేడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ సినిమా హాళ్లు ఉన్న చోట ఒకప్పుడు ఊరికి కరెంటు పుట్టేది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1920లో మొదలైన థర్మల్ కేంద్రం అది. బొగ్గు మండించి నీటిని ఆవిరి చేస్తారు, ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది, ఆ ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి చల్లటి నీళ్లు పుష్కలంగా కావాలి. అందుకే చెరువు పక్కనే కట్టారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటి చెరువు ఇలా 20వ శతాబ్దపు యంత్రాలకు ఆధారమైంది. కేంద్రం మూతపడ్డాక 1990లలో దాన్ని కూల్చేశారు. యంత్రాలు ఆపడం తప్పనను. నగరం నడిబొడ్డున బొగ్గు పొగ ఎవరికి కావాలి? కానీ మొత్తం కట్టడాన్ని తుడిచేయాల్సిన అవసరం మాత్రం లేదు.

పనికిరాని గోడల కోసం విలువైన స్థలం వదులుకోమంటారా అని ఎవరైనా అడగొచ్చు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 1981లో ఆగిపోయింది. 2000లో అదే భవనం టేట్ మోడర్న్ కళా ప్రదర్శనశాలగా తెరుచుకుంది, టర్బైన్లు తిరిగిన హాలే దాని ముఖ్య ఆకర్షణ. స్థలమూ దక్కింది, చరిత్రా దక్కింది. వాళ్లకు డబ్బుంది, మనకు లేదనే మాటలో నిజముంది. అందుకే అంత పెద్ద పని చేయమనడం లేదు. ఒక్క షెడ్డు, ఒక్క పొగగొట్టం నిలిపినా చాలు.

కూల్చాలా, నిలపాలా అన్న ఈ ప్రశ్న చేనేత, పత్తి ఊళ్లైన ఎమ్మిగనూరు, ఆదోనిలకూ వర్తిస్తుంది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. బట్ట నేయడమే కాదు, అమ్మకమూ నేతగాళ్ల సంఘం చేతిలోనే ఉండాలన్నది దాని ఉద్దేశం. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. షావుకారు దయ మీద బతికిన మగ్గానికి ఈ సంఘం ఎంత పెద్ద మార్పో చెప్పనక్కర్లేదు. ఆదోని పత్తి మార్కెట్ చుట్టూ వెలిసిన జిన్నింగ్ మిల్లులదీ ఈ ప్రాంతపు కథే. ఇలాంటి పాత కట్టడాల్లో దేన్నైనా అమ్మే ముందు, కూల్చే ముందు కొలతలు తీసుకుని, ఫొటోలు తీయించి, అక్కడ పనిచేసినవాళ్ల మాటలు రికార్డు చేయాలి. కట్టడం ఇంకో పదేళ్లు ఆగినా ఆగుతుంది. పెద్ద వయసు నేతగాళ్లు ఆగలేరు, కాబట్టి మాటలతోనే మొదలుపెట్టాలి.