పైన స్లాబ్ పనులు.. కింద టులెట్ బోర్డు! అద్దెకు ఇచ్చే ముందు ఇవి తెలుసుకోండి

గ్రౌండ్ ఫ్లోర్ పూర్తయింది. పై అంతస్తు పనులు ఇంకా నడుస్తున్నాయి. మరోవైపు హోమ్ లోన్ ఈఎంఐ మొదలైపోయింది. ఇలాంటప్పుడు చాలామంది ఓనర్లు చేసే పని ఒక్కటే.. గేటుకు టులెట్ బోర్డు తగిలించడం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ శివారు కాలనీల్లో ఇది మామూలే. కానీ ముందే మాట్లాడుకోకపోతే ఇద్దరికీ తిప్పలు తప్పవు.

ఓసీ ఉందా..?
బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే ఇంట్లోకి దిగాలి. చిన్న ఇళ్లకు కొన్ని మినహాయింపులు ఉంటాయి. మీ ఇంటికి అవి వర్తిస్తాయో లేదో మున్సిపల్ ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

దాచితే చిక్కే..
ఆస్తి బదలాయింపు చట్టం-1882లోని సెక్షన్ 108 ప్రకారం, చూడగానే తెలియని ముఖ్యమైన లోపాలు ఓనర్‌కు తెలిసుంటే ముందే చెప్పాలి. అద్దె సక్రమంగా కడుతున్న వాళ్లకు ఆటంకం లేకుండా ఇల్లు వాడుకునే హక్కు కూడా ఉంది. అందుకే పనులు ఎన్ని నెలలు ఉంటాయి, అప్పటిదాకా అద్దె ఎంత తగ్గిస్తారు, గడువు దాటితే ఏం చేస్తారు.. ఇవన్నీ 11 నెలల అగ్రిమెంట్‌లోనే రాసుకోవాలి.

రాత్రి 10 దాటితే మిషన్లు బంద్
శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు.

కరెంటు బిల్లు ఎవరిది..?
క్యూరింగ్‌కు రోజూ మోటార్ ఆడాల్సిందే. మార్బుల్ కటింగ్, వెల్డింగ్ సరేసరి. ఇవన్నీ అద్దెకున్న వాళ్ల మీటర్‌పై నడిస్తే నెల తిరిగేసరికి గొడవే. పనులకు మీటర్ వేరుగా ఉండాలి.

అసలు ప్రమాదం ఇదే..
పై స్లాబ్‌కు పెట్టే సెంట్రింగ్ జాకీల బరువు పడేది కింద ఉన్నవాళ్ల కప్పు మీదే. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం సాధారణ పరిస్థితుల్లో 4.5 మీటర్ల వరకు స్పాన్ ఉన్న స్లాబ్‌కు కనీసం 7 రోజులు, అంతకుమించితే 14 రోజుల దాకా ఆ జాకీలు తీయకూడదు. అందుకే స్లాబ్ వేసే ముందే ఇంజినీర్‌కు చూపించాలి. ఇటుకలు, ఇసుక ఎక్కించే వైపు పిల్లలు తిరగకుండా అడ్డు కట్టాలి. వీలైతే రాకపోకలకు వేరే దారి చూపించాలి.

అద్దె డబ్బు ఈఎంఐకి ఆసరా అవుతుంది, నిజమే. కానీ ఆ కప్పు కింద పడుకునేది ఒక కుటుంబం అన్నది మర్చిపోవద్దు.