మాగాళిగడ్డ జాడీ

ధర్మపురిలో తరతరాలుగా కాపురమున్న తెలుగువారి ఇండ్లలో మాగాళిగడ్డ ఊరగాయ ఎరుగనివారు అరుదు. పులిసిన పెరుగులో ఊరిన ఆ ముక్కను చలిదన్నంలో నంజుకొని ఆనందించేవారు కొందరు, జాడీ మూత తీయగానే “అబ్బ, నల్లి వాసన!” అని ముక్కు మూసుకొని వసారాలోకి పరుగుతీసేవారు కొందరు. మా ఇంట మొదటి పక్షానికే ఎప్పుడూ మెజారిటీ. మా అమ్మగారు పుట్టింటినుండి తెచ్చుకొన్న పింగాణీ జాడీ ఒకటి దీనికే ప్రత్యేకించి ఉన్నది. వేళ్ళను రాత్రంతా నీళ్ళలో నానవేసి, మట్టి పోయేదాకా కడిగి, తొక్క గీసి, నిలువునా చీల్చి, నడుమనున్న కట్టెవంటి ఈనెను తీసివేసి, సన్నగా తరిగి, ఉప్పు, పసుపు, కారం, ఆవపిండి, పుల్లని మజ్జిగ చేర్చి ఊరవేస్తారు. చేసే చేతులకు ఒక దినమంతా పని. తినే నోళ్ళకు ఏడాదంతా సుఖం.

ఈ వేళ్ళు మాకు కొండదిగువ పల్లె నుండి వచ్చే ఒక ముసలామె తెచ్చి ఇచ్చేది. చాలా యేండ్ల వాడుక. మొన్నటి సంవత్సరం ఆమె తెచ్చిన మూటను చూచి మా అమ్మగారు, “ఏమే, ఇవి గడ్డలా, చీపురుపుల్లలా?” అన్నారు. నిజమే. మా చిన్నతనాన బొటనవ్రేలి లావున ఉండేవి, ఇప్పుడు చిటికెనవ్రేలిపాటి కూడా లేవు. ఆమె విసుగుకొనలేదు. “ఉన్నవి ఇవే తల్లీ. మునుపు బండ సందున తవ్వితే తల వేరు వదిలి, మన్ను కప్పి వచ్చేవాళ్ళము. మరుసటికి మళ్ళీ ఊరేది. ఇప్పుడు ఎవరెవరో వచ్చి మొదలంటా పెకలించుకుపోతున్నారు. మేము వదిలితే వాళ్ళు తీస్తారు. ఇక వదలడమెందుకని మేమూ తీస్తున్నాము,” అన్నది. ఆ యేడు మా జాడీ సగమే నిండినది.

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. ఆదివారం నాడు భోజనానికి వచ్చిన మా బావగారితో ఈ సంగతి చెప్పాము. వారు కాలేజీలో వృక్షశాస్త్రం బోధించి రిటైరైనవారు. విస్తరిలోని ముక్కను వేలితో చూపి, “ఏమోయ్, ఆ మొక్క అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘంవారి ఎర్రజాబితాకెక్కింది. ఆపదలో ఉన్న జాతి అని రాసిపెట్టారు. మొదటి ముద్దాయి నీ జాడీయే,” అన్నారు. అన్నారే గాని ముక్క మాత్రం వదలలేదు.

దీని శాస్త్రనామం డెకలెపిస్ హామిల్టోని. 1800లో మైసూరు ప్రాంతాలలో పర్యటించి వివరాలు వ్రాసిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ అనే దొర పేరు దీనికి పెట్టారు. దక్షిణాదిలోని రాతికొండలలోనే ఇది పెరుగుతుంది. తక్కిన లోకంలో లేదు. తీగజాతి, త్రుంచితే పాలు కారుతవి. తెలుగుదేశంలో దీనిని మారేడుగడ్డ అంటారు. శివపూజకు పత్రినిచ్చే మారేడు చెట్టుకూ దీనికీ సంబంధమేమీ లేదు. తిరుపతి, కడప వైపు ఎండాకాలంలో మనవారు త్రాగే నన్నారి షర్బత్తుకు ఎక్కువగా ఈ గడ్డలనే ఉడికించి రసం తీస్తారు. అసలైన సుగంధిపాల వేరు మరొకటి ఉన్నది, అది సన్నం. ఇది లావు గనుక వ్యాపారికి ఇదే గిట్టుబాటు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనాలయం వారు దీని వాసనను పరీక్షించి, వెనిల్లా పరిమళానికి దగ్గరి చుట్టమైన పదార్థమొకటి ఇందులో కలదని తేల్చారు. ధాన్యానికి పట్టే పురుగులను ఈ వేరు చంపుతుందని కూడ అక్కడే చూచారు. ఆకో కాయో అయితే కోసుకొన్నా తీగ బ్రతుకుతుంది. మనకు కావలసినది వేరే అయినందున మనం కోరిన కొద్దీ మొక్కే పోతుంది. చిక్కంతా అక్కడ ఉన్నది.

“ఇటువంటి వాటిని ఎక్కడైనా దాచిపెడతారా బావగారూ?” అని అడిగాము. “దాచిపెట్టే చోటు మనకు రెండు బస్సుల దూరంలోనే ఉన్నది. ఎన్నడైనా చూచావా?” అన్నారు. ఏర్కాడుకు మేము పదిసార్లయినా పోయి ఉంటాము. సరస్సు, పడవలు, మిరపకాయ బజ్జీలు అన్నీ ఎరుగుదుము. ఆ తోటను మాత్రం చూడలేదని సిగ్గుతో ఒప్పుకొన్నాము.

మరునెల రెండవ శనివారం కుటుంబ సమేతంగా, బావగారితో సహా బయలుదేరాము. సేలం దాకా ఒక బస్సు, అక్కడినుండి ఇరవై కొండమలుపుల మీదుగా మరొక బస్సు. శేర్వరాయన్ కొండలపై, దాదాపు అయిదువేల అడుగుల ఎత్తున, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియావారు 1963లో ఈ తోటను స్థాపించారు. జాతీయ ఆర్కిడ్ వనమని, ప్రయోగ ఉద్యానమని దీనికి పేరు. ఆర్కిడ్లంటే చెట్టుకొమ్మలను అంటిపెట్టుకొని గాలిలోని తేమతో బ్రతికే పూలమొక్కలు. నేలమీద పెరిగేవి కూడ కొన్ని ఉన్నవి. వీటి గింజ ధూళివంటిది. అందులో మొలకకు కావలసిన ఆహారమేమీ ఉండదు. ఒక విధమైన బూజు వచ్చి తోడ్పడితేనే అడవిలో అది మొలుస్తుంది. చెట్టు కొట్టివేస్తే, దానిపై కాపురమున్న ఆర్కిడ్లన్నీ దానితోబాటే నేలపాలు. ఈ కొండలమీద పంతొమ్మిదవ శతాబ్దం నుండి కాఫీతోటలు వేశారు, తరువాత బాక్సైటు తవ్వకాలు వచ్చినవి. నేలపాలైనవెన్నో లెక్క ఎవరికి తెలుసు?

పిల్లలను ఎక్కువగా ఆకర్షించినది కీటకాలను తినే మొక్క. మేఘాలయ కొండలనుండి వచ్చినది. ఆకు చివర కూజావలె వ్రేలాడుతూ, పైన మూత కూడ ఉంటుంది. పురుగు జారి లోపల పడితే మరి బయటికి రాదు. ఈ కొండల పేరే పెట్టుకొన్న వెర్నోనియా షెవరాయెన్సిస్ అనే చెట్టును గూర్చి కూడ బావగారు చెప్పారు. ప్రొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినదట, కాని చెట్టుగా పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఈ కొండలకు చెందిన చెట్టుగానే గుర్తించారు. అట్టిదానిని కాపాడే పూచీ ఈ కొండది కాక మరెవరిది?

మావంటి గుమాస్తాలకు నచ్చిన సంగతి మరొకటి ఉన్నది. పార్కులో మొక్క అందం కోసం ఉంటుంది. వృక్షశాస్త్ర ఉద్యానంలో మొక్కకు రిజిస్టరు ఉంటుంది. ఏ కొండమీద, ఏ తేదీన, ఎవరు సేకరించారు, గింజయా, కొమ్మయా, వేరా, ఇవన్నీ రాసి ఒక నంబరు వేస్తారు. మొక్క చనిపోతే అదీ ఎక్కిస్తారు. “ఈ నంబరు లేని మొక్క ఎంత అరుదైనదైనా సగం పనికే వస్తుంది. ఏ కొండనుండి వచ్చిందో తెలియనిదే తిరిగి ఏ కొండకు పంపుతావు?” అన్నారు బావగారు. మా ఆఫీసులో నంబరు లేని ఫైలు గతి మాకు తెలుసు గనుక ఇది చప్పున తలకెక్కినది.

ఇంతలో వాన పట్టుకొన్నది. మాగాళి తీగ ఈ తోటలో ఉన్నదా అని అడిగి తెలుసుకొందామని అంతదూరం వెళ్ళినవాళ్ళము, గొడుగుల గొడవలో అసలు సంగతే మరచి తిరిగి వచ్చాము! దారిలో జ్ఞాపకం వచ్చి మా ఆవిడ నవ్విన నవ్వు ఇంకా చెవులలో ఉన్నది.

ఇట్టి తోటలు మొదట ఇందుకు పుట్టలేదు. కలకత్తా దగ్గర శిబపూరులో రాబర్ట్ కిడ్ 1787లో తోట వేయించినప్పుడు కుంఫిణీవారి కన్ను టేకుమీద, సుగంధ ద్రవ్యాలమీద ఉన్నది. 1793లో ఆ తోటకు అధికారిగా పోయిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన గోదావరి మండలం సామర్లకోటలో తోట పెంచినవాడు. కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించి గ్రంథం ప్రకటిస్తూ, మనవారు పిలిచే పేర్లు కూడ అందులో వ్రాసుకొన్నాడు. శేషాచలం ప్రాంతాలలో పెరిగే జాలారి జాతి చెట్టొకటి షోరియా తుంబుగ్గాయియా అనే పేరుతో ప్రపంచమంతటా చలామణి అవుతున్నది. ఆ తుంబుగ్గాయియా మన తెలుగు మాటయే. పేరు గ్రంథాలలో భద్రంగా ఉన్నది. చెట్టు మాత్రం అపాయంలో పడినది. ఈ కుటుంబపు చెట్ల గింజలను ఎండబెట్టి సీసాలో దాచుదామంటే సాధారణంగా కుదరదు. ఎండితే చస్తవి. అందుచేత ఇట్టివాటికి బ్రతికియున్న తోటయే బ్యాంకు. తిరుమల కొండల పేరిత, అనగా సైకాస్ బెడ్డోమి, ఎర్రచందనం, వీటికీ ఆపద తక్కువ కాదు. ఎర్రచందనం వర్తకంపై 1995 నుండి అంతర్జాతీయ ఒప్పందం క్రింద ఆంక్ష ఉన్నా దొంగలు ఆగలేదని పత్రికలు చదివే వారందరికీ విదితమే.

తోటలో పెట్టితే మొక్క బ్రతికినట్లేనా? మా బావగారు దీనికి మారిషస్ ద్వీపం సంగతి చెప్పారు. పంతొమ్మిదవ శతాబ్దంలో మన తెలుగువారు చెరకుతోటల కూలికి ఓడలెక్కి పోయిన దేశమే అది. వారి సంతతివారు నేటికీ అక్కడ ఉగాది చేసుకొంటున్నారు. అక్కడ క్యూర్‌పీప్ అనే ఊరి ఉద్యానంలో తాటి కుటుంబపు చెట్టొకటి ఉన్నది. దాని జాతిలో లోకం మొత్తానికీ మిగిలినది అదొక్కటే. పూస్తుంది, కాని మగపూలు ఒక సమయాన, ఆడపూలు మరొక సమయాన విచ్చుకొంటవి. తోడు లేదు. ప్రయోగశాలలలో జరిగిన యత్నాలేవీ దానిని ఆ ఒంటరితనం నుండి తప్పించలేదు. తోట దానిని కాపాడుతున్నది, నిజమే. జాతిని కాపాడుతున్నదని ఎట్లా అనగలము?

ఆ దేశానిదే రోడ్రిగ్స్ అనే చిన్న దీవి. కాఫీ కుటుంబపు పొద ఒకటి అక్కడ నశించినదని అందరూ అనుకొంటూండగా, 1980లో ఒక బడిపిల్లవాడు దానిని కనుగొన్నాడు. మిగిలినది ఒకే పొద. మందుకు పనికి వస్తుందని జనం కొమ్మలు విరుచుకుపోతుంటే చుట్టూ కంచె కట్టవలసి వచ్చినది. (మన మాగాళి కథయే!) 1986లో దాని కొమ్మలను లండనులోని క్యూ ఉద్యానానికి విమానంలో పంపారు. అంటు బ్రతికి పూసినది గాని కాయదు. పదిహేడేండ్లు గడిచి, 2003లో మొదటిసారిగా అక్కడ గింజలు పట్టినవి. ఆ మీద మొలకలు రోడ్రిగ్స్‌కు తిరిగి చేరినవి. పుట్టింటికి తిరిగి వచ్చినప్పుడు గదా ఉద్యానం చేసిన పని లెక్కకు వచ్చేది.

లెక్కలు కూడ ఉన్నవి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంవారు 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ప్రపంచపు ఉద్యానాలన్నింటా కలిపి లక్షా అయిదువేలకు పైచిలుకు జాతులు, అనగా తెలిసిన మొక్కలలో నూటికి ముప్పది, పెరుగుతున్నవి. ఆపదలో నున్నవాటిలో నూటికి నలభైయొక్కటికి పైన ఏదో ఒక తోటలో ఉన్నవట. వినుటకు బాగున్నది. కాని చలిదేశాల మొక్కలలో నూటికి అరవై తోటలకెక్కగా, మనవంటి ఉష్ణదేశాలవి ఇరవై అయిదే. తోటల సామర్థ్యంలో పదోవంతు మాత్రమే ఆపదలోని జాతులకు వినియోగమవుతున్నది. తక్కినదంతా మామూలు మొక్కలే. అవి కూడదనము గాని, ఈ పదోవంతు మాత్రం మాకు మరీ తక్కువగా తోచినది.

మాగాళి విషయంలో మైసూరు పరిశోధనాలయంవారు చిన్న ముక్కనుండి సీసాలలో మొక్కలను పెంచే విధానం రూపొందించి యున్నారు. సీసాలోని మొక్క రైతు గట్టుమీదికి, ఇంటి పెరటిలోకి వచ్చి, బజారుకు కావలసిన వేరు అక్కడనుండే దొరికినప్పుడు ఎవరూ బండసందుల కోసం కొండ యెక్కరు. ఎర్రజాబితాను ఎన్నడూ చూడని ఆ ముసలామెకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె, “అట్లయితే మాకు కూలి?” అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు బావగారి దగ్గర కూడ లేదు. పెంచే పని కూడ వారికే ఇస్తే బాగుండునని మాకు తోచినది. తోచినంతలో అయ్యే పనులా ఇవి?

పోయిన యేడాది ఆమె గడ్డలు తేలేదు. తడిగుడ్డలో చుట్టి, మొటిమలున్న తల వేరు ఒక్కటి తెచ్చి మా అమ్మగారి చేతిలో పెట్టి, డబ్బు పుచ్చుకోలేదు. పెరటిగోడ వారన, రాళ్ళు కలిపిన ఎర్రమన్నులో నాటాము. మూడు వారాలు చలనం లేదు. నాలుగవ వారాన ఎర్రని చిగురు కనబడినది. ఇప్పుడు గోడ మీదికి రెండు మూరలు ప్రాకినది. మావాడు అట్టముక్కమీద ఒకటవ నంబరు వేసి, నాటిన తేదీ, ముసలామె ఊరిపేరు వ్రాసి కట్టినాడు. వానకు తడిసి ఇప్పటికి రెండుసార్లు మార్చవలసి వచ్చినది.

“ఎన్నాళ్ళకు తవ్వవచ్చు నాయనా?” అని మా అమ్మగారు నెలకొకసారి అడుగుతారు. ఏండ్లు పడుతుందమ్మా అంటాము. “సరే, దాన్ని పోనీండి,” అంటారు. మళ్ళీ నెలకు మళ్ళీ అడుగుతారు. ఈ సంవత్సరం ఆ పింగాణీ జాడీలో నిమ్మకాయ పెట్టారు. మూతమీద ‘మాగాళి’ అని తమ చేతివ్రాతతో అంటించిన పాత చీటీని మాత్రం చింపనివ్వలేదు.