ఇ.సి.జి. కాగితం చదవడమెలా?

"ఇ.సి.జి. బావుందన్నారు గదా డాక్టరుబాబూ, మరి నొప్పెందుకు తగ్గలేదు?"

శ్రీకూర్మం కోవెల దగ్గర కొబ్బరికాయలు అమ్ముకునే ఒకాయన ఒళ్లంతా చెమటలతో వచ్చి అడిగిన ప్రశ్న ఇది. చేతిలో, ఆ తెల్లవారుజామున ఎక్కడో తీయించుకున్న కాగితం.

ఆ కాగితాన్ని మీరూ కొంత చదవవచ్చు. గుండెలో పుట్టే స్వల్ప విద్యుత్తును గీతలుగా గీయడమే ఇ.సి.జి. మొదటి చిన్న గుబ్బ 'పి', పై గదులది. నిటారుగా లేచే ముల్లు 'క్యు.ఆర్.ఎస్.', కింది గదులది. కింది గదులు తేరుకుంటుంటే వచ్చే గుబ్బ 'టి'. ఈ అక్షరాలు పెట్టిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఐన్‌థోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాగితం సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది. రెండు ముళ్ల మధ్య పెద్ద గడులెన్నో లెక్కపెట్టి, 300ను ఆ సంఖ్యతో భాగించండి. నాలుగు గడులుంటే నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటున్నట్టు. ముళ్లు సమదూరంలో ఉంటేనే సుమా!

అసలు చిక్కు ముల్లుకూ 'టి'కీ మధ్యనున్న చదును గీతలో ఉంది. గుండె రక్తనాళం పూడుకుంటే అది పైకి లేవవచ్చు, కిందికి కుంగవచ్చు. మొదట్లో ఏ మార్పూ కనిపించకపోనూ వచ్చు. కాగితం మీద ఉన్నది కొన్ని సెకన్ల ముచ్చటే గదా! ఆయనకు మళ్లీ తీస్తే ఆ గీత లేచి కూర్చుంది. వెంటనే మందులిచ్చి పెద్దాసుపత్రికి పంపాం. బతికాడు.

ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాసనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోను చేయండి. చక్కెర జబ్బున్నవారికి నొప్పి తెలియకపోవచ్చు కూడా. పాత ఇ.సి.జి. ఉంటే వెంట తీసుకువెళ్లండి, పోల్చి చూడడానికి అంతకు మించింది లేదు. ఆ కాగితం మీద గీతలు ఏళ్లు గడిస్తే వెలిసిపోతాయి. ఇవాళే జిరాక్సు తీయించి పెట్టుకోండి.