పట్నానికి రచ్చబండ రాదా?

తెలుగులో కొన్ని మాటలకు పట్టిన దుర్గతి చూస్తే జాలి వేస్తుంది. 'రచ్చ' అనేది అలాంటి మాట. సంస్కృతంలోని 'రథ్య' మన నోట పడి 'రచ్చ' అయింది. రథ్య అంటే వీధి. వీధిలో నలుగురూ చేరే చోటు రచ్చ. అక్కడ కట్టిన అరుగు రచ్చబండ. యింట గెలిచి రచ్చ గెలవమన్న మన పెద్దలకు రచ్చ గౌరవమైన చోటే. యిప్పుడు మా కాలేజీ కుర్రవాణ్ణి అడగండి, రచ్చ అంటే అల్లరి అని తడుముకోకుండా చెబుతాడు. నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు అల్లరికి మారుపేరయిందంటే, చెడింది మాట ఒక్కటే కాదనీ, దాని వెనుకవున్న అలవాటు కూడాననీ నాకు అనుమానం.

అలా అని పాతకాలపు రచ్చబండను ఆకాశానికి యెత్తడం నా వుద్దేశం కాదు. దానిమీద కూర్చున్నది పెద్ద కులాల మగవారు. ఆడవారూ, వూరి వెలుపలి వాడలవారూ దూరాన నిలబడి తీర్పు వినవలసిందే. ఆ లోపాన్ని సరిదిద్దింది మన రాజ్యాంగం. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు యిచ్చింది. గ్రామం వోటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ ఆ సభలో సభ్యులే. యెవరూ యెన్నుకోనక్కరలేదు, యెవరూ నియమించనక్కరలేదు. 2018లో తెలంగాణ చేసుకున్న పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి ఆ సభ జరిపి తీరాలన్నది.

మరి పట్నం సంగతి? 74వ సవరణ అదే సంవత్సరం జూన్ 1న వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా వున్న పట్టణాలలో వార్డు కమిటీలు వుండాలన్నదే తప్ప, వోటరులందరూ కూర్చునే సభను గురించి అది మాట్లాడలేదు. కమిటీలో యెవరుండాలో, వారిని యెలా తీసుకోవాలో రాష్ట్రాలకే వదిలివేసింది.

దీని ఫలితం విచిత్రంగా వుంటుంది. మా యింటికి పాలు తెచ్చే ఆయనకు సొంతవూళ్ళో వోటు వుంది. ఆ కారణం చేత ఆయన ఒక సభలో సభ్యుడు. వూరి లెక్కలు అడగవచ్చు, ఫలానా పని ముందు కావాలనవచ్చు. నేను ఎం.ఏ. చదివి, పదిహేనేళ్ళకు పైగా సికిందరాబాదులో పాఠాలు చెబుతూ, నా వీధికి సంబంధించి యే సభలోనూ సభ్యుణ్ణి కాను. అయిదేళ్ళకొకసారి వేలిమీద సిరాచుక్క వేయించుకుని యింటికి వస్తాను. ఆ మర్నాటి నుంచి నాకు మిగిలేది అర్జీ వ్రాసుకునే భాగ్యమే.

అర్జీ పట్టుకుని వరసలో నిలబడటం వేరు; నిర్ణయంలో చెయ్యి యెత్తడం వేరు. మన ప్రభుత్వాలు మొదటిదానినే రెండవదిగా చూపించడం అలవాటు చేసుకున్నాయి. చివరికి రచ్చబండ పేరు కూడా అందుకే ఉపయోగపడింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు ఆ పేరుగల కార్యక్రమానికి బయలుదేరి హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. తర్వాత 2011లో ఆ కార్యక్రమాన్ని రాష్ట్రమంతటా నడిపారు. జనం రేషను కార్డులకూ, పింఛనులకూ అర్జీలు యిచ్చారు. కొందరి పనులు జరిగాయి, సంతోషమే. కాని పేరు రచ్చబండ అయినా పద్ధతి దర్బారుదే.

వోటు వేసిన మర్నాడు కూడా పౌరుడికి పని వుండాలని మన ప్రాంతంలో గట్టిగా చెప్పిన ఉద్యమం లోక్‌సత్తా. డాక్టర్ జయప్రకాశ్ నారాయణ్‌గారు ఐ.ఎ.ఎస్. ఉద్యోగానికి రాజీనామా యిచ్చి, 1996లో మరికొందరితో కలిసి హైదరాబాదులో దానిని ప్రారంభించారు. మొదట్లో అది పార్టీ కాదు. కార్యకర్తలు పెట్రోలు బంకులకు వెళ్ళి కొలత సరిగా వున్నదో లేదో జనం యెదుట చూపించేవారు. ఆఫీసులో యే పని యెన్ని రోజుల్లో కావాలో గోడమీద వ్రాసిపెట్టమని అడిగేవారు. 1999 యెన్నికలప్పుడు నేరారోపణలున్న అభ్యర్థుల పేర్లు బయటపెట్టారు. అటు ఢిల్లీలో మరో సంస్థ యిదే విషయమై కోర్టుకెక్కింది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తిపాస్తులు తెలుసుకోవడం వోటరు హక్కని 2002 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. దానిని నీరుకార్చేందుకు పార్లమెంటు చేసిన సవరణను 2003 మార్చిలో కొట్టివేసింది. ఆ రెండవ కేసులో పిటిషను వేసినవారిలో లోక్‌సత్తా కూడా వుంది. యీనాడు ప్రతి అభ్యర్థీ యిచ్చే అఫిడవిట్టు వెనుక యింత కథ వున్నది.

లోక్‌సత్తా అడిగినవాటిలో అన్నిటికన్నా పెద్దది అధికారాన్ని కిందికి దింపమన్నది. తలకింత చొప్పున డబ్బును నేరుగా వూరికీ, వార్డుకూ యివ్వండి; యెలా ఖర్చుపెట్టాలో అక్కడివారే తేల్చుకుంటారు అన్నారు. తెలుసుకునే హక్కు 2005లో సమాచార హక్కు చట్టంగా వచ్చింది. తేల్చుకునే హక్కు మాత్రం వెనుకబడిపోయింది. 2006 అక్టోబరు 2న ఉద్యమం పార్టీగా మారింది. 2009లో కూకట్‌పల్లి నుంచి జయప్రకాశ్‌గారు గెలిచారు. శాసనసభలో ఆ పార్టీకి దక్కింది ఆ ఒక్క స్థానమే. పార్టీ పెట్టడం తప్పని నేననను. కాని వోటు వేసిన మర్నాటి పని గురించి మొదలైన మాట, మళ్ళీ యెవరికి వోటు వేయాలన్న మాట దగ్గరకు వచ్చి ఆగింది.

పట్నానికి సభ కావాలన్న ఆలోచన బొత్తిగా రాకపోలేదు. 2005 డిసెంబరులో కేంద్రప్రభుత్వం పట్టణాభివృద్ధికి జవహర్‌లాల్ నెహ్రూ పేరిట పెద్ద పథకం పెట్టి, నిధులు కావలసిన రాష్ట్రాలు ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలని షరతు విధించింది. ఒక పోలింగు కేంద్రం పరిధిలోని వోటరులందరూ కలిస్తే ఒక 'ఏరియా సభ' అన్నది నమూనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో చట్టం చేసింది. అయితే సభ తరఫున మాట్లాడే ప్రతినిధిని ఆ వోటరులు యెన్నుకోవడం కాక, పై నుంచి నామినేటు చేసే పద్ధతి పెట్టారు. పెళ్ళికూతురు లేని పెళ్ళిలా, వోటరు లేని వోటరుల సభ అయింది. మీ ఏరియా సభ యెక్కడ కూర్చుంటుందని మా సీతాఫల్‌మండీలో అడిగి చూడండి. మీరేదో సినిమా హాలు అడ్రసు అడుగుతున్నారనుకుంటారు.

మాకే యింత లోటయితే, రోడ్డు దాటి కంటోన్మెంటులోకి వెళితే అక్కడ అసలు వోటుకే గతి లేకపోయింది. కార్ఖానా, తిరుమలగిరి వంటి చోట్ల నివాసులకు మునిసిపాలిటీ అంటే కంటోన్మెంటు బోర్డే. అధ్యక్షస్థానం సైనికాధికారిది, పౌరులు యెనిమిది వార్డుల నుంచి యెనిమిది మందిని పంపుకుంటారు. ఆ యెన్నిక 2015 జనవరిలో జరిగింది. గడువు పొడిగించగా పొడిగించగా 2021 ఫిబ్రవరిలో ఆ బోర్డు ముగిసింది. పౌరుల తరఫున ఒక్క నామినేటెడ్ సభ్యుణ్ణి పెట్టి బండి నడిపారు. 2023 ఏప్రిల్ 30న దేశంలోని 57 కంటోన్మెంట్లలో యెన్నికలని ప్రకటించి, మార్చిలోనే ఆ ప్రకటనను రద్దు చేశారు. అదే నివాసులు 2023 చివర శాసనసభకు వోటు వేశారు. 2024లో లోక్‌సభకూ, దానితోపాటు వచ్చిన శాసనసభ ఉపయెన్నికకూ వేశారు. ఢిల్లీకి యెవరిని పంపాలో తేల్చగలిగినవారు తమ వీధి మురుగుకాలువ సంగతి తేల్చలేకపోయారు.

ఆ ప్రాంతం వారి రోడ్ల కథ అందరూ యెరిగినదే. సైనిక ప్రాంతంలో నుంచి వెళ్ళే కొన్ని దారులు మూసివేయడంతో ఈశాన్యపు కాలనీలవారు చుట్టు తిరిగి ఆఫీసులకూ, ఆసుపత్రులకూ వెళ్ళవలసివచ్చింది. అప్పుడు ఆ కాలనీల సంఘాలు చేసిన పని గమనించదగినది. అర్జీలతో ఆగక చట్టం తెరిచి చూశాయి. దారిని మూయాలంటే ముందు పబ్లిక్ నోటీసు యిచ్చి, ప్రజల అభ్యంతరాలు వినాలని 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షనులో వున్నది. యీ పాయింటు మీద పట్టుపట్టారు. యితర కంటోన్మెంట్లలోని పౌరులూ గొంతు కలిపారు. 2018 మేలో రక్షణశాఖ, పద్ధతి ప్రకారం కాకుండా మూసిన దారులు తెరవమన్నది. తర్వాత కూడా కొన్ని దారుల మీద తగాదా సాగింది గాని, 'మమ్మల్ని అడగాలి' అన్న ఒక్క వాక్యం చట్టంలో వుంటే యెంత బలమో జనానికి తెలిసివచ్చింది.

యిక్కడ స్విట్జర్లాండు ముచ్చట ఒకటి చెప్పాలి. అక్కడ గ్లారుస్ అనే చిన్న రాష్ట్రంలో యేటా మే మాసపు మొదటి ఆదివారం వోటరులందరూ మైదానంలో చేరి చేతులెత్తి చట్టాలు తీర్మానిస్తారు. 2006లో అక్కడి యిరవై అయిదు మునిసిపాలిటీలను పదిగా కలుపుదామని ప్రభుత్వం ప్రతిపాదిస్తే, ఒక పౌరుడు లేచి, పది యెందుకు, మూడు చాలునన్నాడు. సభ అతని మాటే నెగ్గించింది. 2011 నుంచి అక్కడ మూడే వున్నాయి. మన కంటోన్మెంటు పౌర ప్రాంతాలను నగరపాలకసంస్థలో కలిపే ఆలోచనకు 2024లో రక్షణశాఖ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. కలపడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అది తేల్చే వోటు అక్కడి నివాసుల చేతిలో పెట్టిన చట్టం మాత్రం మనకు లేదు.

అయితే చేతులెత్తే సభ ఉన్నంతమాత్రాన న్యాయం దానంతటదే నడిచిరాదు. ఆ దేశంలోనే ఆపెన్‌జెల్ అనే చోట మగవారి సభ ఆడవారికి వోటు హక్కు యివ్వనని మొండికేసింది. 1990లో కోర్టు కల్పించుకుంటే గాని యివ్వలేదు. సభలో యెవరు కూర్చుంటారన్నది సభ వుండటమంత ముఖ్యం.

ఆ మాటకు వస్తే మన ఆడవారు యేమి చేయగలరో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న కూలిజనపు స్త్రీలు కూడి, మా వూళ్ళో సారా అమ్మడానికి వీల్లేదని తేల్చారు. ఆ మాట వూరూరా పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ తల్లులకు చట్టం యే అధికారమూ యివ్వలేదు. తామే ఒక సభ అయ్యారు.

చట్టం తోడైన సందర్భమూ మనకు కద్దు. 1997లో చేసిన సాగునీటి చట్టం కాలువ నీరు వాడుకునే రైతులను సంఘాలుగా చేసి, కమిటీలను వారే యెన్నుకోవాలన్నది. అంతేకాదు, పదవికెక్కి యేడాది దాటిన తర్వాత, మూడోవంతు సభ్యులు సంతకాలు చేస్తే, యెన్నుకున్నవాణ్ణి వెనక్కి పిలిచే ప్రతిపాదన పెట్టవచ్చన్నది. తర్వాతి కాలంలో ఆ సంఘాల యెన్నికలు పదేపదే వాయిదాపడి పదును తగ్గింది. అయినా, రైతుకు యివ్వదగిన హక్కు పట్నపు వోటరుకు యివ్వదగదని యే నోటితో అనగలం?

'యెవరు వస్తారండీ సభకు? ఆదివారం అందరికీ పనులే' అంటారు మా యెదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు. నిజమే. మాట చెల్లని చోటికి యెవరూ రారు. అపార్టుమెంటు సంఘం మీటింగుకు మాత్రం, నెలనెలా కట్టే మెయింటెనెన్సు పెంచుతారంటే, మెట్ల మీద నిలబడి అయినా వింటాం. అక్కడ మన చెయ్యి లెక్కకు వస్తుంది కనుక.

కాబట్టి అడగవలసినవి చాలా చిన్నవి. ప్రతి పోలింగు కేంద్రానికి ఒక సభ. అందులో ప్రతి వోటరూ హక్కుగా సభ్యుడు. ప్రతినిధిని వారే యెన్నుకోవడం, అక్కరలేనప్పుడు వారే దింపడం. మూడు నెలలకొకసారి వార్డు లెక్కలు చదివి వినిపించడం. చిన్న పనులలో యేది ముందో చేతులెత్తి తేల్చడం. యీ అయిదూ వుంటే శాసనసభ గొప్పతనానికి లోటు రాదు. కార్పొరేటరుగారికి పని సుళువవుతుంది కూడా.

సభ వచ్చేదాకా కూర్చోనక్కరలేదు. మీ వీధిలో వేసిన రోడ్డుకు యెంత ఖర్చయిందో, యెన్నాళ్ళు వుండాలని ఒప్పందమో ఒక కాగితం మీద అడగండి. సమాచార హక్కు చట్టం ప్రకారం ముప్పయి రోజుల్లో చెప్పి తీరాలి. జవాబు వచ్చిన ఆదివారం వీధిలోని పది యిళ్ళవారిని పిలిచి చదివి వినిపించండి. యింట్లో ఆడవారిని వంటింట్లో వుంచి మగవారే కూర్చోవద్దు. నీళ్ళు యెప్పుడు వస్తాయో, చెత్తబండి యెప్పుడు రాదో వారికి తెలిసినంత మనకు తెలియదు. మీ యింట పనిచేసే మనిషినీ, సందు చివర యిస్త్రీ చేసే అతన్నీ పిలవండి. వారూ ఆ జాబితాలోని వోటరులే. అప్పుడు మీ వీధికి మళ్ళీ ఒక రచ్చ వుంటుంది.