సముద్రం పక్క స్థలం కొంటున్నారా? వార్త కాదు, కాగితం చూడండి!

ఈమధ్య మన ఖమ్మం జిల్లాలో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా ఒకటే మాట వినబడుతోంది. "విశాఖలో రెండొందల గజాలు తీసి పడేస్తే పిల్లదాని పెళ్ళి నాటికి అక్కరకొస్తుంది" అని. ఇదివరకు ఈ మాట హైదరాబాదు గురించి అనేవారు. ఇప్పుడు సముద్రం వైపు మళ్ళింది. మిర్చి అమ్మిన డబ్బులు చేతికొచ్చే రోజుల్లో అయితే ఏజెంట్లు రంగురంగుల కాగితాలు పట్టుకుని మా ముదిగొండ దాకా వస్తున్నారు. ఖమ్మం నుంచి దేవరపల్లికి తలపెట్టిన 162 కిలోమీటర్ల కొత్త రోడ్డుతో విశాఖ మన ఇంటి ముందుకొచ్చేస్తుందనేది వాళ్ళు చెప్పే మొదటి మాట.

ఇంటి స్థలం విలువ ఏమిటో మా ముదిగొండ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేదలకు భూమి, ఇళ్ళ స్థలాలు ఇవ్వాలని జరిగిన పోరాటంలో 2007 జులై 28న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలే పోయాయి. అలాంటి స్థలం కొనడానికి పోగుచేసిన డబ్బు ఎక్కడిది? పాలు పోసి, చీటీలు కట్టి, చివరకు మెడలో గొలుసు కుదువబెట్టి కూడబెట్టింది. అందులో సగం మన ఆడవాళ్ళ కష్టమే. మరి ఆ డబ్బు సముద్రం వొడ్డుకు వెళ్ళేటప్పుడు "అది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే" అని వంటింట్లో కూర్చుంటే ఎలా చెప్పండి?

అందుకే అక్కడి ధరల సంగతి, కొనేముందు చూసుకోవలసిన సంగతులు నాకు తెలిసినంతలో మీ ముందుంచుతున్నాను.

ధరను నడిపించేది వార్తే

కూరగాయల ధర పంటను బట్టి ఉంటుంది. విశాఖలో స్థలం ధర మాత్రం చాలావరకు వార్తను బట్టి ఉంటోంది. గత పదేళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. కొత్త ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద నగరం విశాఖే కదా అని అందరి చూపూ అటు పడింది. ఆ ఏడే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరాన్నే కొట్టింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో అద్దాలు పగిలి, రోజుల తరబడి కరెంటు లేక, పాలకూ నీళ్ళకూ జనం అల్లాడిపోయారు. 2015 అక్టోబరులో రాజధానికి అమరావతిలో శంకుస్థాపన జరిగింది. కొనేవాళ్ళు అటు పరుగెత్తారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, విశాఖలో పరిపాలన రాజధాని అన్నారు. మళ్ళీ ఇటు పరుగు. 2022 మార్చిలో హైకోర్టు అమరావతి రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక రాజధాని అమరావతే అని తేలింది, విశాఖను ఆర్థిక రాజధాని చేస్తామన్నారు.

ఇవి కాక భోగాపురం విమానాశ్రయం ఒకటి. దానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. ఒక్క విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు! రెండుసార్లూ ఆ చుట్టుపక్కల లేఅవుట్ల బోర్డులు లేచాయి. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు విశాఖలో పెద్ద డేటా కేంద్రం పెడతామని ప్రకటించాక మధురవాడ, ఆనందపురం, భీమిలి పేర్లు మన ఊళ్ళల్లో కూడా నోళ్ళలో నానుతున్నాయి.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు కథ వేరు. అక్కడ ఇళ్ళకు ఆయువుపట్టు ఉక్కు ఫ్యాక్టరీ. 2021 జనవరిలో దాన్ని ప్రైవేటుకు ఇస్తామని కేంద్రం నిర్ణయించినప్పుడు అక్కడి కుటుంబాలకు దిగులు పట్టుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు. చూశారా, ఒకే నగరం, కానీ ఒక్కో వైపు ఒక్కో కారణం.

ఇందులో మనం గ్రహించవలసింది ఒకటుంది. వార్త వచ్చిన రోజున ధర పెరుగుతుంది. కానీ ఆ ధరకు మన దగ్గర కొనేవాడు దొరికితేనే అది డబ్బు. దొరక్కపోతే అది ఉత్త అంకె.

మా ఆడపడుచు వాళ్ళ సంగతే చెబుతాను. 2020లో రాజధాని వస్తుందన్న ఊపులో భోగాపురం వైపు స్థలం కొన్నారు. రెండేళ్ళకు పిల్ల పెళ్ళి కుదిరింది. అమ్ముదామని వెళితే, "ధర బాగా పెరిగిందమ్మా" అంటారే తప్ప కొనేవాళ్ళు లేరు. ఎందుకంటే ఆ లేఅవుట్‌కు అనుమతి లేదు. అనుమతి లేని స్థలానికి బ్యాంకు అప్పు ఇవ్వదు. అప్పు దొరకని స్థలాన్ని ఎవరు కొంటారు? చివరకు పెళ్ళికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. కాగితం మీద లక్షాధికారులు, ఇంట్లో మాత్రం వడ్డీ లెక్కలు!

సముద్రానికీ ఒక హద్దు ఉంది

మనకు భద్రాచలం వైపు 1/70 చట్టం గురించి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు. ఎంత చవగ్గా వస్తోందన్నా మనం ఆ జోలికి పోము. సముద్రం వొడ్డున కూడా అలాగే ఒక కట్టడి ఉంది. దాన్ని సీఆర్‌జెడ్ అంటారు, అంటే తీర నియంత్రణ ప్రాంతం. 1/70 భూమి ఎవరు కొనాలో చెబుతుంది, ఇది ఎక్కడ ఏం కట్టాలో చెబుతుంది. అంతే తేడా.

ఈ నిబంధనలు మొదట 1991 ఫిబ్రవరిలో వచ్చాయి. 2011లో, 2019లో మార్చారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయో అక్కడి నుంచి 500 మీటర్ల వరకు ఇవి వర్తిస్తాయి. నగరంలో అయితే ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడానికో ఊరి వైపునే కొత్త ఇల్లు కట్టాలి, సముద్రం వైపు కట్టకూడదు. పల్లె ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు వీల్లేదు. జనం బాగా ఒత్తుగా ఉన్న పల్లెలకు మాత్రం 2019 నిబంధనల్లో దీన్ని 50 మీటర్లకు తగ్గించారు. కాబట్టి "బాల్కనీలోంచి అలలు కనబడతాయి" అని ఏజెంటు మురిపిస్తే, "ఆ స్థలం సీఆర్‌జెడ్ లోపలా, బయటా?" అని అడగండి.

ఇదంతా పేరుకేలే, ఎవరు కూలుస్తారు అనుకోకండి. కేరళలో కొచ్చి పక్కన మరడు అనే చోట నీళ్ళ వొడ్డున పెద్ద పెద్ద ఫ్లాట్లు కట్టారు. తీర నిబంధనలకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2019 మేలో తీర్పు ఇచ్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు అపార్ట్‌మెంట్లను మందుగుండు పెట్టి నేలమట్టం చేశారు. కొన్నవాళ్ళ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది, ఇంటి పన్ను రశీదులూ ఉన్నాయి. అయినా క్షణాల్లో ఇల్లు దుమ్మయిపోయింది. తాత్కాలిక పరిహారం ఇమ్మని కోర్టే చెప్పింది కానీ, గూడు గూడే కదా!

ఇంకో సంగతి, సముద్రం ఎప్పుడూ ఒకేచోట ఉండదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఏళ్ళ తరబడి తీరం కోసుకుపోయి ఎన్నో ఇళ్ళు నీళ్ళపాలయ్యాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో కూడా ఇసుక కోతకు గురవుతుంటే, ఓడరేవు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి పోస్తుంటారు. 1990 నుంచి 2018 దాకా గమనించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్కలో మన దేశపు తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురయింది.

కాగితాల్లో ఇవి చూడండి

లాయరుకు చూపించడం ఎలాగూ తప్పదు. కానీ మనకూ కొంత తెలిసి ఉంటే ప్రశ్న అడగగలుగుతాం.

* లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందా? పాత వుడానే 2018లో వీఎంఆర్‌డీఏగా మార్చారు. అనుమతి నంబరు తీసుకుని ఆఫీసులో వాకబు చేయండి. "దరఖాస్తు పెట్టాం, వచ్చేస్తుంది" అంటే వచ్చాకే రమ్మనండి.

* రెరా నంబరు ఉందా? 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్లు, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్లు రెరాలో నమోదు కాకుండా అమ్మకూడదు. "ప్రీ లాంచ్, ఇప్పుడైతే చవక" అంటే నమోదు కాలేదనే అర్థం. ఒప్పందం రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

* ఇ.సి. తీయించారా? ఆ స్థలం ఎన్ని చేతులు మారిందో, తాకట్టులో ఉందో ఇందులో తెలుస్తుంది. వీలైతే ముప్పై ఏళ్ళకు తీయించండి.

* 22-ఏ జాబితాలో ఉందా? ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు ఈ నిషేధ జాబితాలో ఉంటాయి. విశాఖలో ఇది మరీ ముఖ్యం. సింహాచలం దేవస్థానం భూముల వివాదంతో అడవివరం, వేపగుంట లాంటి పంచగ్రామాల వాళ్ళు సొంత ఇంట్లో ఉండి కూడా దశాబ్దాలుగా అవస్థ పడ్డారు.

* డి-పట్టా భూమా? పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని నిబంధనలకు విరుద్ధంగా కొనడం 1977 చట్టం ప్రకారం నేరం. అమ్మినవాడికీ, కొన్నవాడికీ ఇద్దరికీ నష్టమే.

కొలతల దగ్గర కూడా జాగ్రత్త. మనం గుంటల్లో చెప్పుకుంటాం, అక్కడ సెంట్లలో చెబుతారు. గుంట అంటే 121 గజాలు, సెంటు అంటే 48.4 గజాలు. మన రెండు గుంటలు వాళ్ళ ఐదు సెంట్లు అన్నమాట. రెండూ 242 గజాలే.

ఉప్పుగాలితో కాపురం

పెట్టుబడికి కాక, ఉద్యోగాలు చేసే పిల్లలు ఉండడానికే కొంటుంటే ఇంకొన్ని గమనించాలి. సముద్రం దగ్గర ఇళ్ళల్లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కిటికీ ఊచలు, గేట్లు, ఫ్రిజ్ వెనక భాగం, సీలింగ్ ఫ్యాన్లు ఏవీ మన ఊళ్ళో ఉన్నన్నాళ్ళు మన్నవు. స్లాబు లోపలి ఇనుముకు తుప్పు పట్టినా పెచ్చులు ఊడతాయి. కాబట్టి పాత ఫ్లాటు చూసేటప్పుడు పైకప్పు, బాల్కనీ అడుగు భాగం తప్పకుండా తలెత్తి చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే మరీ అనుమానంగా చూడండి!

బోరు నీళ్ళు ఒక గ్లాసు తాగి చూడండి. తీరం దగ్గర నీళ్ళు ఉప్పగా మారడం మామూలే. ఇక ఆ తేమకు ఉప్పు, కారం, పంచదార గడ్డ కడతాయి, అప్పడాలు మెత్తబడతాయి. గాజు సీసాలు, గట్టి మూతల డబ్బాలు ఉంటే సరి. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే మన అమ్మమ్మల చిట్కా అక్కడ బాగా పనికొస్తుంది.

చివరగా డబ్బు లెక్క

స్థలం ధర ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు ఏడున్నర శాతం. 20 లక్షల స్థలానికి లక్షన్నర అన్నమాట. కట్టడం పూర్తికాని ఫ్లాటు అయితే మామూలుగా అయిదు శాతం జీఎస్టీ. పూర్తయి, నివాసయోగ్య పత్రం వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ లేదు. ఇవన్నీ ముందే రాసుకోండి.

అంతకంటే ముఖ్యం, ఈ డబ్బు అయిదేళ్ళలోపు పిల్ల పెళ్ళికో, చదువుకో, వైద్యానికో కావలసి వస్తుందా అని ఆలోచించండి. కావలసి వస్తే అది స్థలంలో పెట్టే డబ్బు కాదు. పంట పెట్టుబడికి అప్పు తెచ్చి, ఉన్న డబ్బు స్థలంలో పెట్టడం అసలే వద్దు.

అన్నీ కుదిరి కొంటే మంచిదే. అప్పుడు దస్తావేజులో మీ పేరు కూడా వేయించండి. గొలుసు మీది అయినప్పుడు గజాలు కూడా మీవే కావాలి కదా! అడిగితే ఇంట్లో ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. కందిపప్పు కొనేటప్పుడే చేట్లో పోసి రాళ్ళు ఏరుతామే, జన్మంతా కూడబెట్టిన డబ్బుతో కొనే స్థలానికి నాలుగు ప్రశ్నలు వేయకూడదా? ఈసారి ఏజెంటు మీ ఇంటికి వస్తే మంచినీళ్ళు ఇవ్వండి, మజ్జిగ కూడా ఇవ్వండి. కానీ ఇ.సి., లేఅవుట్ అనుమతి, రెరా నంబరు ముందు పెట్టేదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.