చిన్న కుక్క – చిన్న పిల్లలు



పాడి గేదెల గురించీ, గొర్రెల గురించీ, కోళ్ళ గురించీ చెప్పుకొనే చోట కుక్కపిల్లల ముచ్చట ఎందుకు వచ్చిందని మీరు అనుకోవచ్చును. కారణం ఉన్నది. మన ఊళ్ళనుంచి పట్నం పోయి కాపురాలు పెట్టినవాళ్ళు ఎందరో. హైదరాబాదు పాతబస్తీ వైపు సంతోష్‌నగర్‌లోనో, సైదాబాదులోనో, చంపాపేటలోనో రెండు గదుల వాటాలో ఉంటున్నారు. మనవడికి మూడేళ్ళు నిండగానే కుక్కపిల్ల కావాలంటాడు. కొడుకు ఊరికి ఫోను చేస్తాడనుకోండి.

"బాపూ, పిల్లోనికి కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నం. పెద్దది కాదు, చంకల ఇమిడేంత జాతి."

"గంత చిన్నదైతే భయమేంది బిడ్డా, తెచ్చుకోండ్రి" అంటాడు తండ్రి.

ఈ మాట దగ్గరే కాస్త ఆగవలె. కుక్క చిన్నదైతే భయం లేదంటున్నాము సరే, ఆ భయం ఎవరికి? పిల్లవాడికా, కుక్కకా? నన్నడిగితే ముందుగా కుక్కకే భయం. ఆ తరువాత, కుక్క భయపడ్డది గనుక, పిల్లవాడికి.

ముందు ఈ జాతులేమిటో చూద్దాము. మెక్సికో దేశపు చివావా ఉన్నది. పూర్తిగా ఎదిగినా మూడు కిలోలకు లోపే తూగుతుంది. ఇంగ్లండులో పుట్టిన యార్క్‌షైర్ టెర్రియర్ మూడు కిలోల చిల్లర. అసలైన పామేరియన్ కూడా ఒకటిన్నర నుంచి మూడు కిలోలే. వీటిని టాయ్ జాతులంటారు, అంటే ఆటబొమ్మ జాతులు. ఈ పేరు పెట్టినవాళ్ళు మంచిపని చేశారని నేననుకోను. పేరు విన్న పిల్లవాడు దానిని బొమ్మలాగే పట్టుకుంటాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలె. మన దగ్గర తెల్లగా, బొచ్చుగా, తోక వీపుమీదికి మడిచి కనిపించే కుక్కనల్లా పామేరియన్ అనేస్తాము. అందులో చాలాభాగం ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో, అదే మన తెలుగులో 'ప్రేమాలయం', టఫీ అనే కుక్కను చూసే ఉంటారు. అది స్పిట్జ్. ఇందులో చిన్నరకమే ఐదు నుంచి ఏడు కిలోలు ఉంటుంది. మన ఎండకు తట్టుకుంటుంది, ఎముక కూడా కొంత గట్టిది. కాబట్టి తెచ్చేది ఏ జాతి అన్నది ముందు తేల్చుకోవలె. అంగడివాడు చెప్పిన పేరు కాదు, తల్లికుక్కను చూసి, దాని బరువు చూసి నమ్మవలె.

ఇక అసలు విషయం. మూడేళ్ళ పిల్లవాడు పన్నెండు, పద్నాలుగు కిలోలు ఉంటాడు. కుక్క రెండు కిలోలు. ఆరేడు రెట్ల తేడా. మీ ఇంట్లో పొదుగు కోడి పిల్లలతో దిగినప్పుడు పసివాడు ఒక కోడిపిల్లను పట్టుకొని గుండెకు హత్తుకోవడం మీరు చూసే ఉంటారు. వాడికి దానిమీద కోపం లేదు, ముద్దు. ఆ ముద్దులోనే కోడిపిల్ల మెడ వాలిపోతుంది. పిడికిలి ఎంత బిగించవచ్చునో, ఎక్కడ వదలవలెనో ఆ వయసులో తెలియదు. చివావాకు, యార్క్‌షైర్‌కు వచ్చే ప్రమాదం సరిగ్గా ఇదే.

ఈ కుక్కల ముందుకాలి ఎముకలు పెన్సిలు కన్నా లావు ఉండవు. పిల్లవాడు ఎత్తుకొని నిలబడతాడు, కుక్క మెలికలు తిరుగుతుంది, చేయి జారుతుంది. కింద గట్టి బండలు. మణికట్టుకు కొంచెం పైన ఎముక విరుగుతుంది. ఆ చోట నెత్తురు పారుదల తక్కువ గనుక అతుక్కోవడం కూడా ఆలస్యమే. లేగదూడ కాలికి వెదురుబద్దలు కట్టినట్టు కట్టి ఊరుకుంటే చాలాసార్లు వంకరగా అతుకుతుంది, లేదా అతకనే అతకదు. ఆపరేషను చేసి లోహపు పట్టీ బిగించవలసి వస్తుంది. మనిషి చేతిలోనుంచి పడితేనే కాదు, సోఫా మీదినుంచి తనంత తాను దూకినా విరిగిన కాళ్ళున్నవి.

చివావాలలో చాలావాటికి మరొక లోపం. పసిబిడ్డ మాడు మెత్తగా ఉంటుంది కదా, అట్లాగే వీటి నడినెత్తిన ఎముక పూడని చోటు కొన్నిటికి జీవితాంతం ఉండిపోతుంది. పిల్లవాడు ఆటలో విసిరిన కర్రబంతి అక్కడ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. గొంతు గొట్టం కూడా మెత్తన. మెడకు పట్టీ కట్టి పిల్లవాడి చేత లాగించరాదు. రొమ్ము చుట్టూ వచ్చే పట్టీ వాడవలె.

మరొకటి తిండి. మూడు నాలుగు నెలలలోపు టాయ్ జాతి పిల్లకు ఒంట్లో నిలువ ఉండే చక్కెర బహు తక్కువ. పిల్లలు దానిని నిద్రపోనీయకుండా పగలంతా ఆడించి, తిండి వేళ తప్పిస్తే చక్కెర పడిపోతుంది. తూలుతుంది, మగతగా పడి ఉంటుంది, ఒక్కొక్కసారి ఫిట్సు వస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం పెట్టవలె. తూలడం కనిపిస్తే చిగుళ్ళకు తేనెగానీ చక్కెర నీళ్ళుగానీ రాసి వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకొని పోవలె.

ఇక రెండో భయానికి వద్దాము. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు మీదపడి నాలుగేళ్ళ పసివాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. సంతోష్‌నగర్‌కు అది దూరం కాదు. అటువంటి వార్త విన్న తల్లిదండ్రులు పెద్దకుక్కంటే బెదిరి, చిన్నకుక్కంటే నిబ్బరంగా ఉండడం సహజమే. చిన్నకుక్క మనిషిని చంపడం బహు అరుదు, నిజమే. కరవలేదనుకోవడం మాత్రం పొరపాటు. 2008లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు జాతులవారీగా కుక్కల దూకుడును యజమానుల ద్వారా అడిగి లెక్కగడితే, ఇంటివారిమీదా కొత్తవారిమీదా తిరగబడడంలో ముందున్నవాటిలో చివావా, డాక్స్‌హుండ్ అనే పొట్టికాళ్ళ జాతి ఉన్నవి. పెద్దకుక్క గుర్రుమంటే యజమాని అదుపులో పెడతాడు. చిన్నది గుర్రుమంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. నవ్వి, మళ్ళీ గుర్రుమనిపిస్తారు. నాకు ఇది బొత్తిగా నచ్చని వేడుక.

గుర్రుమనడం కుక్క మాట. "నన్ను వదులు" అని అది చెప్పగలిగిన తీరు అదే. అంతకు ముందు కూడా కొన్ని గుర్తులిస్తుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది, చెవులు వెనక్కు వాలుస్తుంది, ఊరకనే మూతి నాకుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనపడేట్టు వారగా చూస్తుంది. పెద్దవాళ్ళు ఇవి చూసి పిల్లవాడిని పక్కకు తీయవలె. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టినారనుకోండి, మరుసటిసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

పసివాడు కుక్కను ముఖందాకా ఎత్తుకుంటాడు. నేలమీద కూర్చుని దానిమీదికి వంగుతాడు. అందుచేత పిల్లలకు కాటు కాలికి పడేకన్నా బుగ్గకు, పెదవికి, కంటిదగ్గర పడడం ఎక్కువ. ఇక్కడ రేబీస్ సంగతి బాగా వినండి, ముఖ్యంగా గ్రామాలలో పనిచేసే విస్తరణ ఉద్యోగులు, పశువైద్య సహాయకులు నలుగురికీ చెప్పవలసిన సంగతి ఇది. రేబీస్ విషక్రిమికి కుక్క పెద్దదా చిన్నదా అన్నది లేదు. కాటు పడిన చోటునుంచి నరాల వెంబడి మెదడుకు పోతుంది. పాదానికి పడితే దారి దూరం, ముఖానికి పడితే దగ్గర. రోగ లక్షణాలు బయటపడిన తరువాత బ్రతికించే మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారు. పదిమందిలో నలుగురు పదిహేనేళ్ళలోపు పిల్లలు.

పిల్లవాడికి పన్ను గాటు పడినా, గోరు గీరి నెత్తురు కనపడినా చేయవలసిన మొదటి పని పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలంటే మనం అనుకొనేదానికన్నా చాలా ఎక్కువసేపు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు ఏదీ పెట్టరాదు. ఆ రోజే ఆసుపత్రికి పోవలె. సంతోష్‌నగర్ వాళ్ళకైతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐ.పి.ఎం. ఉన్నవి. ఊళ్ళో ఉన్నవాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. చర్మంలోకి ఇచ్చే టీకా మొదటిరోజు, ఆ తరువాత 3వ, 7వ, 28వ రోజులలో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించవలె. ముఖంమీది కాటుకు ఇది తప్పనిసరి. టీకాలు మధ్యలో ఆపవచ్చునా లేదా అన్నది డాక్టరు చెప్పవలె గాని ఇంటివాళ్ళు నిర్ణయించుకోరాదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి ఇంట్లోనే కూర్చునే పెద్దలు ఇంకా ఉన్నారు. గొర్రె మెదడునుంచి తీసిన ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పటిది చేతికి వేసే టీకా. గాలికుంటు టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పేరు మీరు వినే ఉంటారు. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1982లో హైదరాబాదులో నెలకొల్పినది. మనుషుల రేబీస్ టీకా, కుక్కల రేబీస్ టీకా రెండూ ఆ సంస్థ తయారుచేస్తున్నది.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, ఆపైన ఏటా వేయించవలె. కొన్నది రెండు నెలల పిల్ల అయితే మధ్యన ఒక నెల ఖాళీ ఉన్నది కదా! ఆ నెలలో పాలపళ్ళు కొరికిన గాటును "ఆటలోది" అని వదిలివేయరాదు. పిల్లకూ రేబీస్ ఉండవచ్చును. ఏటా జులై 6న పశువైద్యశాలలలో ఉచితంగా ఈ టీకా వేయడం ఆనవాయితీగా ఉన్నది. 1885లో అదే తేదీన పాస్చర్ మహాశయుడు తొమ్మిదేళ్ళ ఫ్రెంచి బాలునికి మొదటి టీకా ఇప్పించినాడు.

నట్టల మందు సంగతి క్లుప్తంగా చెబుతాను. కుక్కపిల్లకు రెండు వారాల వయసునుంచి పదిహేను రోజులకొకసారి, రెండు నెలలు దాటాక ఆరు నెలలదాకా నెలకొకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి. దాని పేడ ఎప్పటికప్పుడు ఎత్తివేయవలె. నేలమీద పాకి, వేళ్ళు నోట పెట్టుకొనే పసివాడి కడుపులోకి ఆ గుడ్లు పోతే పురుగులు కంటిదాకా పోయి చూపు చెడగొట్టిన సందర్భాలున్నవి.

ఇంత చెప్పి చిన్నజాతిలో మంచి లేదంటే అన్యాయం. పాతబస్తీ ఇరుకు వాటాలో దానికి చోటు సరిపోతుంది. పిడికెడు తిండి చాలును. ఎవరైనా తలుపు దగ్గరికి రాగానే కూత పెడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన నెమ్మదైన ఆడపిల్లో మగపిల్లో ఉన్న ఇంట్లో, వృద్ధులున్న ఇంట్లో అది చక్కగా మసలుతుంది. పగ్, షిట్సు వంటి చప్పిడి ముక్కు జాతులు మాత్రం వేరే మాట. కుక్కకు మనలాగా చెమట పోయదు, రొప్పుతోనే వేడి దిగవలె. ముక్కు చప్పిడిదైతే ఆ రొప్పు చాలదు. మే నెలలో హైదరాబాదు పైఅంతస్తు స్లాబు కింద మధ్యాహ్నం వాటిని వదిలిపెట్టి పోతే ప్రాణాంతకం.

ఇరుగుపొరుగు సంగతి కూడా చూడవలె. ఒకే మెట్లమీద నాలుగు కుటుంబాలు ఎక్కి దిగుతాయి. ముస్లిం ఇళ్ళవారు నమాజుకు పోయేటప్పుడు కుక్క లాలాజలం బట్టకు తగిలితే కడుక్కోవలసి ఉంటుంది. కుక్కను మెట్లమీద వదలకుండా చంకన పెట్టుకొని దిగితే ఏ పేచీ ఉండదు. నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవడం కూడా మరువరాదు.

అయితే మనవడికి మూడేళ్ళే, ఏం చేయవలె అంటారా? నా సలహా, ఐదారేళ్ళు నిండేదాకా మూడు కిలోల లోపు జాతి వద్దు. అంతవరకు ఆగలేమంటే, పది పదిహేను కిలోలకు పెరిగే మన ఊరకుక్కల సంతతిలో, పిల్లలమధ్య పెరిగి నెమ్మదిగా ఉన్నదని తెలిసిన ఎదిగిన కుక్కను తెచ్చుకోండి. ఎండ దానికి కొత్తకాదు, పసివాడు తూలి మీద పడినా దులుపుకొని పోతుంది. దానికి కూడా టీకాలు, కాపలా ఉండవలసిందే. ఇప్పటికే చిన్నజాతి ఇంట్లో ఉన్నవారు పిల్లవాడి చేత ఎత్తించకండి. వాడు చాపమీద కూర్చోవలె, కుక్క తనంతట తాను వాడి ఒళ్ళోకి రావలె. తినేటప్పుడు, పడుకొన్నప్పుడు ముట్టుకోరాదు. వాడి చేయి అందని మూలన దానికొక గూడు ఉండవలె. పెద్దవాళ్ళు గది విడిచి పోయేటప్పుడు ఇద్దరిలో ఒకరిని వెంట తీసుకొని పోవలె. కొత్తగా కొనేవారు ఎనిమిది వారాలు నిండని పిల్లను తీసుకోకండి. 2017నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్నదానిని అమ్మడమే నేరం.

సంక్రాంతికి కొడుకు కుటుంబం కుక్కతో సహా ఊరికి వస్తుంది కదా. దానిని గొడ్ల కొట్టంలో తిరగనీయకండి. గొడ్డు కాలు ఒక్కటి పడితే చాలు. పైగా అక్కడ గోమార్లు పట్టుకుంటాయి. రెండు కిలోల ఒంట్లో ఉన్న నెత్తురే కొంచెం, గోమార్లవల్ల వచ్చే జ్వరానికి అది తొందరగా పాలిపోతుంది. సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వేలితో తడిమి చూసి, దొరికినవాటిని చిమటాతో తలదగ్గర పట్టి లాగి కిరోసినులో వేసి, ఆ తరువాతనే ఇంట్లోకి రానీయండి.